సూరీడమ్మ కన్ను కోడి పొడవలేదు

నేను ఒక బ్రేకును. సైకిలుకో బస్సుకో ఉండే బ్రేకును కాను. మనిషి ఒంట్లో కణం అని ఒకటుంటుంది, కంటికి ఆననంత చిన్నది, దాని లోపల ఉండే బ్రేకును. మీ డాక్టర్లు నన్ను జన్యువు అంటారు. ఇంకా వివరంగా కావాలంటే, కణితి పుట్టకుండా ఆపే జన్యువు అంటారు. పేరు గొప్పగానే ఉంది. పని మాత్రం నేను సరిగ్గా చెయ్యలేను, ఎందుకంటే నేను పాడైపోయిన బ్రేకును. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ నన్ను నిలదియ్యకుండా.

నా పనేమిటో వినండి. కణం అన్నాక రెండుగా చీలాలి, ఆ రెండూ నాలుగవ్వాలి. అలా చీలబట్టే పిల్లలు ఎదుగుతారు, తెగిన వేలు మానుతుంది. కానీ దేనికైనా ఒక హద్దుండాలి కదా! చీలబోయే ముందు కణం ఒక గుమ్మం దాటాలి. ఆ గుమ్మం దగ్గర నేను తయారు చేసి పంపిన ప్రోటీను నిలబడి ఉంటుంది. చీలమని తొందరపెట్టే వాళ్ళ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆగండర్రా, ఇప్పుడేం అవసరం లేదు అంటుంది. అవసరం వచ్చినప్పుడు వదులుతుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. ఆ పట్టుకునేవాడు లేకపోతే ఏమవుతుందో మాత్రం నేను దగ్గరుండి చూశాను.

ఒక్కో కణంలో మేం ఇద్దరం ఉంటాం. ఒకడు తల్లి ఇచ్చినవాడు, ఒకడు తండ్రి ఇచ్చినవాడు. ఇద్దరిలో ఒకడు పాడైపోయినా రెండోవాడు కాపు కాస్తాడు, ఇల్లు గడిచిపోతుంది. అందుకే నాలాంటివాడు ఒక ఇంట్లో తరాల తరబడి ఉన్నా ఎవరికీ తెలియదు. తెలియకపోతే పోయింది, తెలుసుకునే వీలున్నప్పుడు కూడా వీళ్ళు తెలుసుకోరు. నా బాధంతా అదే.

నేను పాడైంది బొబ్బిలి పక్కన ఒక ఊళ్ళో, జనపనార మిల్లులో పనిచేసే ఒకాయన ఒంట్లో. బిడ్డకు పంపడం కోసం నన్ను తిరగరాస్తున్నప్పుడు ఒక్క అక్షరం తప్పు పడింది. అంత పొడుగు రాతలో ఒకటి. దాంతో నా ప్రోటీను పట్టు వదులైపోయింది. చెయ్యి పట్టుకుంటుంది, జారిపోతుంది. ఇందులో ఆయన తప్పు లేదు. గ్రహణం పూట ఆయన భార్య కత్తిపీట ముట్టుకోనూ లేదు, ఎవరి ఉసురూ తగలనూ లేదు. రాస్తూ ఉంటే తప్పులు పడతాయి, అంతే. ఆ తప్పుతోనే ఆయన కూతురు సూరీడమ్మ దగ్గరికి వచ్చాను.

నీకు కళ్ళెక్కడివి, చెవులెక్కడివి, ఇదంతా నువ్వెలా చూశావని అడక్కండి. కంట్లో ఉన్న ప్రతి కణంలో నేనున్నాను, చెవిలో ఉన్న ప్రతి కణంలో నేనున్నాను. మీకంటే బాగానే చూస్తాను, వింటాను. లేనిదల్లా నోరే. నోట్లోనూ ఉన్నాను గానీ, మాట్లాడటం నా చేతిలో లేదు.

సూరీడమ్మకు మాటలు వస్తున్న వయసులో ఆ ముప్పు వచ్చింది. కంటి లోపల వెనకవైపు రెటీనా అని పల్చటి పొర ఉంటుంది. అక్కడ ఒక కణం చీలుతూ చీలుతూ నా జోడీవాణ్ణి, ఆ మంచివాణ్ణి, పోగొట్టుకుంది. ఇక ఆ కణంలో నేనొక్కణ్ణే మిగిలాను. అప్పటి నా అవస్థ ఏం చెప్పమంటారు! ఆగు అంటాను, ఆగదు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. రెటీనాలో కణాలు ఒక వయసుకు చీలడం మానేసి, వెలుగును పట్టే పని నేర్చుకోవాలి. ఇవి పనీ నేర్చుకోలేదు, చీలడమూ మానలేదు. గుంపు పెరిగి నెత్తురు చాలక సగం చస్తున్నాయి, చచ్చినచోట సున్నం పేరుకుంటోంది, మిగిలిన సగం ఇంకా చీలుతున్నాయి. తొందర తొందరగా రాసుకుంటే తప్పులు పడవూ? పడ్డాయి. ఒక్కో చీలికకీ కొత్త తప్పులు. వాటిలో కొన్ని వాటికే కలిసొచ్చి, ఇంకా జోరుగా చీలడం నేర్చుకున్నాయి. పక్కవాళ్ళ చోటు ఆక్రమించాయి. ఆపాల్సినవాణ్ణి నేను అక్కడే ఉన్నాను, దండగ.

వాళ్ళ నాన్న పిల్లని భుజాన వేసుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు కన్ను తీసేసి ప్రాణం నిలబెట్టాడు. కణితి ఇంకా కంటి నరం పట్టుకుని తలలోకి పాకలేదు కాబట్టి సరిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో వాళ్ళమ్మ ఆలోచన వేరు. ఊళ్ళో అడిగితే ఏం చెప్పాలి? కంట్లో కణితి లేచిందంటే ఆ వంశంలో రోగం ఉందంటారు, రేపు ఈ పిల్లని చేసుకోవడానికి ఎవడొస్తాడు? అదే కోడి పొడిచిందంటే అయ్యో పాపం అంటారు. అందుకని కోడి పొడిచింది. ఊరికీ అదే చెప్పారు, చుట్టాలకీ అదే చెప్పారు, చివరికి పెరిగాక ఆ పిల్లకీ అదే చెప్పారు.

మనుషుల జ్ఞాపకశక్తి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. లేని కోడిని సూరీడమ్మ ఇప్పటికీ గుర్తు తెచ్చుకుంటుంది. అది ఎర్ర పెట్టట. మెడ మీద బొచ్చు లేదట. నూతి గట్టు మీంచి ఎగిరొచ్చిందట. జన్మలో ఒక్క కోడిని పెరట్లో అడుగు పెట్టనివ్వలేదు. కోడికూర మాత్రం కసిగా తినేది. ఏ పాపం ఎరగని కోళ్ళని తిట్టీ తిట్టీ ఆవిడ నోరు నొచ్చింది తప్ప, అసలు దొంగని నేను ఆవిడ ఒంట్లోనే కూర్చున్నానని ఎవరికీ తట్టలేదు.

పెళ్ళయింది. అత్తవారింట్లో ఒక ఆచారం ఉంది. ఎవరైనా మంచి పని మీద బయల్దేరుతుంటే ఒంటికన్ను మనిషి ఎదురు రాకూడదట, శకునం చెడుతుందట. అత్తగారు గట్టిగా అనలేదు. "కూసింతసేపు లోపలుండమ్మా" అందంతే. సూరీడమ్మ వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆ తరవాత ఎవరూ చెప్పనక్కర్లేకుండా తనే వెళ్ళి నిలబడేది. మొగుడు సంతకి పోతున్నా, కొడుకు పరీక్షకి పోతున్నా తలుపు వెనకే. అత్తగారు పోయారు, మొగుడూ పోయాడు, అలవాటు మాత్రం పోలేదు. కొడుకు మీద ప్రేమ అంటే తన మొహం వాడికి ఎదురు పడకుండా చూసుకోవడమే అనుకుంది.

ఆ కొడుకు పైడిరాజు. నేను వాడి దగ్గరికీ వచ్చాను. కానీ వాడి అదృష్టం, రెండు కళ్ళలో ఏ ఒక్క కణమూ నా జోడీవాణ్ణి పోగొట్టుకోలేదు. పట్టు వదులైనా నాకు కొంచెం పట్టు ఉంది మరి, కొందరి విషయంలో అలా గట్టెక్కిపోతుంది. పైడిరాజువి చక్కటి కళ్ళు. ఆ కళ్ళతోనే బతుకుతున్నాడు. బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో, ముహూర్తాల రోజుల్లో పెళ్ళి ఆర్డర్లు.

వాడి పనితనం గురించి చెప్పాలి, నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఫోటోలో దిద్దడంలో వాణ్ణి మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మొటిమ తీసేస్తాడు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తాడు, ఫ్లాష్ తగిలి ఎర్రబడ్డ కళ్ళని నల్లగా చేస్తాడు. "నా ఫొటోలో ఎవుడికీ వొంకుండదు" అని గొప్ప. ఒకసారి వాళ్ళమ్మని కూర్చోబెట్టి ఫోటో తీశాడు. బాగున్న కుడికన్నుని తిరగేసి, గుంటపడ్డ ఎడమకన్ను ఉన్నచోట అతికించాడు. సూరీడమ్మ రెండు కళ్ళతో పటం కట్టించుకుంది. ఆవిడ ఆ పటం చూసి కొంగుతో మొహం తుడుచుకుంది, కొడుకు కూడా ఏడ్చాడు. ఆ ఇంట్లో నా ఉనికికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం అలా పటంలో చెరిగిపోయింది.

పైడిరాజుకి, వాడి భార్య గౌరీశ్వరికి మోక్షిత పుట్టింది. ఎర్రగా, బొద్దుగా, ఎవరు పిలిచినా నవ్వే పిల్ల. సగం మందికి తండ్రిలోని మంచివాడు వెళ్తాడు, సగం మందికి నేను వెళ్తాను. ఈ పిల్లకి నేనే వెళ్ళాను. ఎడమకంట్లో మళ్ళీ అదే కథ. నా జోడీవాడు పోయాడు, కణం చీలింది, నేను ఆగమన్నాను, ఎవడూ ఆగలేదు.

మొదటి పుట్టినరోజుకి గౌనేసి, నెత్తిన కిరీటం పెట్టి, వాళ్ళ నాన్న స్టూడియోలో ఫోటోలు తీశాడు. కంప్యూటర్లో చూస్తే కుడికన్ను నల్లగా ఉంది, ఎడమకంటి పాపలో తెల్లటి మెరుపు. వెలుతురు లోపలికి వెళ్ళి కణితికి తగిలి వెనక్కి వచ్చిన మెరుపు అది. చూసినవాడికి బిడ్డ ప్రాణాన్ని కాపాడే మెరుపు. పైడిరాజు ఏమన్నాడో తెలుసా? "దీనెమ్మ, ఫ్లాష్ కొట్టీసినాది" అన్నాడు. మౌసు పట్టుకుని నల్లరంగు పూసేశాడు. పక్క ఫోటోలో కూడా అదే కన్ను, అదే మెరుపు. దానికీ పూశాడు. ఒరేయ్, అది ఫ్లాష్ కాదురా, నేనురా, అని నేను అరిచిన అరుపు వాడి చేతివేళ్ళలో ఉన్న నాకే వినపడింది.

గౌరీశ్వరి కనిపెట్టింది. తల్లి కదా! సాయంకాలం దీపం పెట్టే వేళ ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తుంటే, పిల్ల అటు తిరిగినప్పుడల్లా కంట్లో ఏదో తెల్లగా తళుక్కుమంటోంది.

"అత్తా, ఇటొచ్చి సూడు. మన గుంటకి కంట్లో ఏటో మెరస్తంది."

సూరీడమ్మ తన ఒక్క కన్ను దగ్గరగా పెట్టి చూసింది. "పిల్లికన్నేవో! ఎంత సక్కగున్నాదో సూడు. మాయింటి మాలచ్చివి నువ్వు" అని మెటికలు విరిచింది.

ఆవిణ్ణి ఏమనగలను! ఆవిడ కంట్లో కూడా ఒకప్పుడు అదే మెరుపు. అప్పుడు చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

ఆ కన్ను మెల్లగా పక్కకి తిరిగి, ఎర్రబడి, నొప్పికి పిల్ల తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాక గానీ బయల్దేరలేదు. బొబ్బిలి డాక్టరు టార్చి వేసి చూసి, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం పొమ్మన్నాడు. అక్కడ కంటి డాక్టరు నీరజ అనే ఆవిడ. పిల్లకి మత్తిచ్చి లోపల చూసి, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పింది. కంట్లో కేన్సరు, చూపు ఎప్పుడో పోయింది, కన్ను తీసేస్తే ప్రాణం దక్కుతుంది. గౌరీశ్వరికి అప్పటికి రెండో కడుపు.

తరవాత ఆ డాక్టరమ్మ అడగాల్సిన ప్రశ్న అడిగింది. నేను ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న ప్రశ్న.

"మీ కుటుంబంలో ఇంకెవరికైనా చిన్నప్పుడు కంటి జబ్బు వచ్చిందా? కన్ను తీసేయడం లాంటిది? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. దాన్ని బట్టే ముందు ముందు ఏం చెయ్యాలో తేలుతుంది."

"మా అత్తకి..." అని గౌరీశ్వరి నోరు తెరిచింది.

"ఊరుకో. అదేటి జబ్బా?" అని పైడిరాజు మాట తుంచేశాడు. "నేదు మేడం. మా వొంశంలో అందరివీ మంచి కళ్ళే. మీరే సూడండి." ఫోన్ తీసి ఇంటిల్లిపాదీ ఉన్న ఫోటో చూపించాడు. అందులోనూ వాడు దిద్దిన సూరీడమ్మ రెండు కళ్ళతో నవ్వుతోంది.

అబద్ధమాడదామని కాదు. వాడి లెక్కలో కోడి పొడవడం జబ్బు కాదు, ప్రమాదం. వాడి లెక్కలో వాడు నిజమే చెప్పాడు. డాక్టరమ్మ ఫోటో చూసి తల ఊపింది. సరే, వంశంలో లేదన్నమాట, ఈ ఒక్క కంట్లోనే పుట్టిన తప్పు అయి ఉండొచ్చు, అనుకుంది. అలాగైతే భయం తక్కువ. "అయినా పుట్టబోయే బిడ్డని కూడా పుట్టగానే ఒకసారి తీసుకురండి, రెండు కళ్ళూ చూసేద్దాం" అంది. మామూలుగా అంది. నా సంగతి తెలిసుంటే మామూలుగా అనేది కాదు, కాలరు పట్టుకుని చెప్పేది. పైడిరాజు అలాగే మేడం అన్నాడు.

మోక్షిత కన్ను తీసేశారు. ఆ కంట్లో ఉన్న నా ప్రతులన్నీ సీసాలో మందునీళ్ళలో మునిగి చచ్చాయి. దానికి నేను ఏడవలేదు. పిల్ల లేచి, కట్టు తడుముకుని, "అమ్మా, నా కన్నేది?" అన్నప్పుడు మాత్రం ఏం చెప్పను, నాకే గుండె ఉంటే పగిలిపోయేది.

కొడుకు పుట్టాడు. నేను వాడిలోనూ ఉన్నాను. పుట్టేనాటికే కుడికంట్లో ఒకచోట నా జోడీవాడు పోయాడు. ఇంకా ఆవగింజంత కూడా లేదు. చూడగలిగినవాళ్ళు చూస్తే లేజరుతో కాల్చి పారెయ్యొచ్చు, చూపుకి ఢోకా ఉండదు. ఆలస్యమైతే అక్క దారే. నాకు రోజులు గడుస్తుంటే ఊపిరాడలేదు.

వీళ్ళకి మాత్రం తీరిక. మొదట పురుడు, మైల అన్నారు. తరవాత నెల నిండనీ అన్నారు. తరవాత మూడో నెలలో బయటికి తియ్యకూడదన్నారు. గౌరీశ్వరి గుర్తు చేస్తే పైడిరాజు విసుక్కునేవాడు. "పాలు తాగే గుంటడికి కంట్లో మందులేసి, కళ్ళు పెగలదీసి, ఏటా గోల? మన వొంశంలో నేదని డాట్రమ్మే అన్నాది కదా!" అన్నది డాక్టరమ్మ కాదురా నాయనా, చెప్పింది నువ్వు! నువ్వు చెప్పిన మాటే తిరిగి ఆవిడ నోట విని ధైర్యం తెచ్చుకుంటున్నావు!

సూరీడమ్మ సంగతి సరే సరి. మనవరాల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే ప్రతిసారీ తలుపు వెనకే. తన మొహం ఎదురుపడితే పిల్లకి ఎక్కడ కీడు జరుగుతుందోనని గుడ్డ నోట్లో కుక్కుకుని నిలబడేది. ఎవరి మొహం ఒక్కసారి చూస్తే ఆ డాక్టరమ్మకి అంతా తెలిసిపోతుందో, ఆ మొహాన్ని ఆ ఇంట్లో అందరూ కలిసి దాచారు. ఒకరు ఫోటోలో, ఒకరు తలుపు వెనక. అదీ ప్రేమతోనే. కోపంతో చేసుంటే తిట్టుకుందును.

మోక్షితకి కృత్రిమ కన్ను పెట్టించే రోజు వచ్చింది. ఆ రోజే పైడిరాజుకి పెద్ద పెళ్ళి ఆర్డరు. ముహూర్తం ఫోటోగ్రాఫరు కోసం ఆగదు కదా. గౌరీశ్వరి ఒక్కతీ ఇద్దరు పిల్లల్ని చంకలో వేసుకుని బస్సెక్కడం కుదరదు. చిన్నోడు పాలు తాగేవాడు, ఇంట్లో వదలడానికి వీల్లేదు. తోడు ఎవరు? సూరీడమ్మే.

"నానొద్దమ్మా" అని ఆవిడ ఏడ్చినంత పని చేసింది. "నా మొకం ముందర పడకూడదు."

"ముందర పడక్కర్నేదు అత్తా, ఎనకాల నడు" అంది గౌరీశ్వరి. అలాగే నడిచింది. కొంగు మొహానికి సగం కప్పుకుని, మనవణ్ణి గుండెకి హత్తుకుని, అందరూ దిగాక బస్సు దిగింది. ఆసుపత్రి వరండాలో చివరి బెంచీ మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. చిన్నోణ్ణి చూపించాలా అని గౌరీశ్వరి అడిగితే పైడిరాజు ముందే చెప్పి పంపాడు, ఈసారి వద్దు, బస్సులో ఏడుస్తాడు, ఇంకోసారి చూద్దామని. ఇంకోసారి! నా గోడు ఎవరికి చెప్పుకోను!

లోపల డాక్టరమ్మ, పక్కన కన్ను అమర్చే అతను. పళ్ళెంలో కళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. మోక్షిత కుడికన్నుకి సరిపోయేది ఏరి, లోపల పెట్టబోతే పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టేసింది.

"నాకొద్దు."

"పెట్టుకుంటే ఎంత బాగుంటావో తెలుసా? రెండు కళ్ళూ ఉంటాయి" అని డాక్టరమ్మ బతిమాలింది.

"నానమ్మకి నేదు. నాకూ వొద్దు. నాను నానమ్మలా ఉంతాను."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. "నానమ్మలా అంటే?"

"నానమ్మకి ఈ కన్ను నేదు" అని మోక్షిత తన గుంటకన్నే చూపించింది.

డాక్టరమ్మ గౌరీశ్వరి వైపు తిరిగింది. గౌరీశ్వరి తడబడుతూ చెప్పింది, "అది... సిన్నప్పుడు కోడి పొడిసినాదట మేడం. జబ్బు కాదు."

"ఎక్కడున్నారావిడ?"

"బైట. గోడకేసి తిరిగి కూకున్నాది."

డాక్టరమ్మ లేచి గబగబా బయటికి వచ్చింది. ఇన్ని తరాల్లో నా కోసం అలా పరుగెత్తినవాళ్ళని నేను చూడలేదు. సూరీడమ్మ ముందు వంగి, "పెద్దమ్మా, ఒక్కసారి కొంగు తియ్యండి" అంది. ఆవిడ తియ్యలేదు. "నీ పని సెడిపోద్ది తల్లీ, నన్ను సూడకు" అని మొహం ఇంకా గోడ వైపు తిప్పుకుంది. డాక్టరమ్మ ఆవిడ పక్కనే బెంచీ మీద కూర్చుంది. "నా పని చెడేదేమీ లేదు. నా పనే మీ కన్ను చూడటం" అంది. సూరీడమ్మ కొంగు జారవిడిచింది.

టార్చి వేసి, రెప్ప పైకెత్తి, చాలాసేపు చూసింది డాక్టరమ్మ.

"ఇది కోడి పొడిచింది కాదమ్మా. కోడి పొడిస్తే కన్ను చితికిపోతుంది, మచ్చ పడుతుంది. లోపల గుడ్డంతా ఇంత శుభ్రంగా పోదు. ఇది ఎవరో డాక్టరు జాగ్రత్తగా తీసిన కన్ను. మీ మనవరాలికి నేను తీసినట్టే."

సూరీడమ్మకి మొదట అర్థం కాలేదు. "ఎర్ర పెట్ట" అంది. "నూతి గట్టు మీంచి..." అని ఆగిపోయింది. ఆవిడ జ్ఞాపకంలోంచి ఆ కోడి ఎగిరిపోవడం నేను చూశాను. డాక్టరమ్మ అప్పుడు ఆవిడ ఒళ్ళోకి చూసింది. ఒళ్ళో చిన్నోడు నిద్రపోతున్నాడు.

"వీడెవరు?"

"నా మనవడు."

"వీడి కళ్ళు ఎవరైనా చూశారా?" అని గౌరీశ్వరిని అడిగింది. గౌరీశ్వరి తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మకి కోపం వచ్చింది, నాకు మనసు చల్లబడింది. "లోపలికి తీసుకురండి. ఇప్పుడే. మీ ఆయనకి నేను ఫోన్ చేస్తాను."

చుక్కల మందు వేశారు, మత్తిచ్చారు, చూశారు. కుడికంట్లో ఉంది. చూపు కేంద్రానికి కొంచెం పక్కగా, ఇంకా చిన్నగానే ఉంది. ఎడమకన్ను శుభ్రంగా ఉంది. "లేజరుతో ప్రయత్నిద్దాం. ఇంకో రెండు నెలలు ఆగుంటే ఈ మాట అనలేకపోయేదాన్ని" అంది డాక్టరమ్మ. గౌరీశ్వరి ఏడవలేదు. గోడకి ఆనుకుని, ఇంక ఎవరి మాటా వినకూడదని తనలో తను గొణుక్కుంది.

సూరీడమ్మ మాత్రం ఒకటే ప్రశ్న. "అయితే నానే ఇచ్చినానా తల్లీ ఇది? ఈలందరికీ?"

"ఇచ్చారు గానీ, మీరు తెలిసి ఇచ్చింది కాదు పెద్దమ్మా. మీ నాన్నో అమ్మో మీకిచ్చారు, వాళ్ళకీ తెలియదు."

"మాయమ్మకి తెల్సు" అంది సూరీడమ్మ. "కన్ను తీయించినాదంటే తెల్సుననే కదా! కోడని నాకెందుకు సెప్పినాది? నన్ను బతికించినాదా మాయమ్మ, ముంచీసినాదా?"

అమ్మ దాచింది కాబట్టే పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. దాచింది కాబట్టే మోక్షిత కన్ను పోయింది. ఈ మనుషుల లెక్కలు నాకు ఎన్నటికీ తేలవు.

రాత్రి బస్సుకు పెళ్ళి మధ్యలో వదిలేసి వచ్చాడు పైడిరాజు. మర్నాడు ఇంటికెళ్ళాక స్టూడియో తలుపు వేసుకుని, పాత ఫోటోలన్నీ దిద్దకముందు ఎలా ఉన్నాయో తెరిచి చూశాడు. కిరీటం పెట్టుకున్న పుట్టినరోజు ఫోటో. బొమ్మ గుర్రం మీద ఫోటో. నాన్న భుజం మీద ఫోటో. ప్రతిదాన్లో ఎడమకంట్లో తెల్లటి మెరుపు, నన్ను చూడండి చూడండి అంటూ. "నా సేత్తోనే నల్లరంగు పూసీసినాను" అని గౌరీశ్వరితో అన్నాడు. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం అనిపించింది నాకు.

తరవాత అందరి నెత్తురూ తీసి ఎక్కడికో పంపారు. నన్ను మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఎవరో చదివారు. ఆ తప్పుపడ్డ ఒక్క అక్షరం దగ్గర వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ, అన్నారు. ఇన్ని తరాలుగా అరిచి అరిచి అలిసిపోయినవాడికి ఒకరు తన పేరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుంది? ఒక్క రోజు సంతోషం వేసింది. కానీ చదివితే దిద్దినట్టు కాదు. ఆ అక్షరం ఇప్పటికీ అలాగే ఉంది. చిన్నోడి ఒంట్లో ప్రతి కణంలో నేను పట్టు లేని చేతులతో నిలబడే ఉన్నాను, నా పక్కన ఆ మంచివాడు ఉన్నాడు. వాడు ఎక్కడా జారిపోకుండా ఉండాలి, జారిపోయినచోట డాక్టరమ్మ కంట పడాలి. ఇది వాడు పెద్దయ్యేదాకా తప్పదు, ఆ తరవాత కూడా ఎముకల్లోనో ఇంకెక్కడో ఏదైనా తేడా వస్తుందేమో చూసుకుంటూనే ఉండాలి. నా చేతకానితనానికి వీళ్ళు ఇంత చాకిరీ చెయ్యాల్సి రావడం నాకు సిగ్గుగానే ఉంది, కోపంగానూ ఉంది.

లేజరు మళ్ళీ మళ్ళీ కొట్టారు. కణితి ముడుచుకుని మచ్చ అయింది. చూపు ఎంత మిగిలిందో ఇంత చిన్నపిల్లాడిలో ఇప్పుడే కచ్చితంగా చెప్పలేమంది డాక్టరమ్మ. ఇంటి దగ్గర గమనించమంది.

మొన్న పొద్దున గౌరీశ్వరి పోపు వేస్తుంటే డబ్బాలోంచి గింజలు కొన్ని నేల మీద చిందాయి. చిన్నోడు పాకుతూ వచ్చి ఆగాడు. కుడికన్ను చూడటం నేర్చుకోవాలని ఎడమకంటికి డాక్టరమ్మ అతికించమన్న గుడ్డ అంటించి ఉంది, అంటే వాడికి ఆ పూటకి లేజరు కొట్టిన కుడికన్నే దిక్కు. వాడు తల వంచి నేలకేసి చూశాడు. వేలు చాపాడు. వేలు పక్కన పడింది. మళ్ళీ చాపాడు.

"ఓలమ్మో, నోట్లో ఎట్టీసుకుంతాడే!" అని సూరీడమ్మ లేవబోయింది.

"ఉండత్తా" అంది గౌరీశ్వరి. పొయ్యి మీద నూనె పొగలు కక్కుతోంది, ఆవిడ అటు చూడలేదు. "తియ్యనీ. ఆడు సూస్తన్నాడు."

చిన్నోడు నాలిక బయటపెట్టి, ఇంకా దగ్గరగా వంగి, రెండు వేళ్ళతో ఒక్క ఆవగింజని పట్టుకున్నాడు.